అమ్మమ్మ అడిగిన స్టూలు

తార్నాక బజారులో నడవడమన్నది నా చిన్నప్పుడు ఒక విద్య. నాకు అబ్బని విద్యల్లో అది మొదటిది, లెక్కలు రెండోది. ఫుట్‌పాత్ అన్న మాట విన్నప్పుడల్లా, నడవడానికి ఒక్క ఫుట్టే మిగులుతుంది కాబట్టి ఆ పేరు పెట్టి ఉంటారని అనుకునేదాన్ని. మిగతా వెడల్పంతా కొట్ల వాళ్లది. గిన్నెల కొట్టతను బకెట్లూ బిందెలూ బయట వరసగా పేర్చేవాడు. అవి అడ్డొచ్చి తన కొట్టు కనబడదని పక్కనున్న బట్టల కొట్టతను తాన్లు పరిచిన బల్లను ఇంకో మూర ముందుకు జరిపేవాడు. ఆ పక్కన గాజుల కొట్టావిడ ఊరుకుంటుందా? ఇందులో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. మాబోటి వాళ్లం మాత్రం రోడ్డు మీదికి దిగి, స్కూటర్లకూ రిక్షాలకూ సిటీ బస్సులకూ మనసులోనే దండం పెట్టుకుంటూ అడుగులో అడుగు వేసేవాళ్లం.

మా నాన్నగారికి యూనివర్సిటీలో ఉద్యోగం, క్యాంపస్‌లోనే క్వార్టర్సు. తాతయ్య పోయాక మా అమ్మమ్మ కోస్తా వైపు నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. క్యాంపస్‌లో వెడల్పాటి రోడ్లు, రెండు వైపులా చెట్ల నీడ. అయినా ఆమెకు అక్కడ తోచేది కాదు. నడవడానికి రోడ్డుంది గానీ పలకరించడానికి మనిషి లేడు. తార్నాక బజారులో మనుషులున్నారు గానీ నడవడానికి రోడ్డు లేదు. అమ్మమ్మ మనుషుల్నే ఎంచుకుంది. సాయంత్రమయ్యేసరికి కొత్తిమీర కట్ట వంకతో సంచీ పట్టుకుని బయల్దేరేది. ఆ కట్ట తేవడానికి ఆమెకు గంటన్నర పట్టేది. ఆమె రోజు మొత్తంలో మాటలుండేది ఆ గంటన్నరలోనే.

ఒక సాయంత్రం బకెట్లను తప్పించుకోబోయి రోడ్డు మీదికి దిగింది. వెనక నుంచి వచ్చిన స్కూటరు హ్యాండిల్‌కి కొంగు తగులుకుంది. పడిపోయింది. మణికట్టు బెణికింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. అసలు దెబ్బ మాత్రం ఇంటికొచ్చాక తగిలింది. ఇక బజారుకు వెళ్లొద్దన్నారు నాన్నగారు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. అత్తగారు అల్లుడితో ఎదురెదురుగా మాట్లాడకూడదు, ఆయన ఎదుట కూర్చోకూడదు. అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చేది తక్కువ. మేం ముగ్గురం ఒకే గదిలో ఉన్నా సరే, “మీ నాన్నగారితో చెప్పవే” అని అమ్మమ్మ నాతో అనేది. “మీ అమ్మమ్మతో చెప్పమ్మా” అని ఆయన నాతో అనేవారు. ఇద్దరికీ వినబడేది కాబట్టి నేను ఒక్క ముక్కా మోయనక్కర్లేదు. కాకపోతే మధ్యలో నేనుండాలి. తర్వాత నేను చేసిన ఉద్యోగాలన్నిట్లోకీ తేలికైనది అదే, సెలవులు మాత్రం లేవు.

నాన్నగారు అన్యాయస్థులు కారు. వద్దన్న మర్నాడే నన్ను వెంటబెట్టుకుని గిన్నెల కొట్టుకు వెళ్లి, పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పారు, ఫుట్‌పాత్ నడిచేవాళ్లదని. అతను చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. “మీరు చెప్పింది కరెక్టే సార్. ఇప్పుడే లోపలికి తీస్త. గానీ ఖాళీ జాగ కనబడ్తే స్కూటర్లు పెడ్తరు. బకెటైతే కాలుతోనన్న జరపొచ్చు. స్కూటర్ని ఎట్ల జరుపుతరు?” అన్నాడు. అన్నట్టే బకెట్లు లోపలికి తీశాడు, అన్నట్టే అక్కడ స్కూటర్లు వెలిశాయి. రెండ్రోజులు పోయాక బకెట్లు స్వస్థానానికి వచ్చేశాయి. నిజం చెప్పాలంటే, వాటిని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని చెట్లను చూసేది. చెట్లు కూడా ఆమెను పలకరించలేదు. ఆఖరికి ఒక పొద్దున నన్ను మధ్యలో నిలబెట్టింది.

“మీ నాన్నగారితో చెప్పవే, పిల్లని తోడు తీసుకుని వెళ్తానని.”

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. “ఈ నెలాఖరు దాకా చూద్దామని చెప్పు. మళ్లీ తూలిందంటే ఇక ఆ మాట ఎత్తొద్దను.”

ఆ సాయంత్రం అమ్మమ్మ తిన్నగా గిన్నెల కొట్టు ముందుకెళ్లి ఆగింది. ఫుట్‌పాత్ ఊసే ఎత్తలేదు.

“అబ్బాయ్, మోకాళ్లు పీకుతున్నాయి. కాస్త స్టూలు వేస్తావా?”

“అయ్యో, లోపలికి రా పెద్దమ్మా, కూసో.”

“లోపల ఉక్క నాయనా. ఇదిగో, ఇక్కడైతే గాలాడుతుంది” అని బకెట్ల వరస నడిమధ్యను చూపించింది.

పెద్దావిడ కొట్టు ముందు నిలబడి ఉంటే కూర్చోమనకుండా ఉండటం ఆ వీధిలో ఎవరివల్లా అయ్యే పని కాదు. అతను బకెట్లు లోపలికి జరిపి గోడకానించి స్టూలు వేశాడు, మంచినీళ్లు కూడా ఇచ్చాడు. అమ్మమ్మ కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆమె ముందు నుంచి మనుషులు నడిచిపోతున్నారు. మనిషైతే కాళ్లు ముడుచుకుంటుంది గానీ బకెట్ ముడుచుకోదు కదా. మేం రోజూ అలాగే వెళ్లాం. నేను పక్కన నిలబడి జంతికలు తినేదాన్ని. తోడు వెళ్లడమంటే అదే అనుకున్నాను.

నాలుగైదు రోజులకు బట్టల కొట్టతనికి మనసు కష్టమైంది. “ఏంది పెద్దమ్మా, రోజు గా బకెట్లాయన కాడ్నే కూసుంటున్నవ్? మా కాడ స్టూల్ లేదనుకున్నవా?”

“నువ్వు పిలవందే ఎలా వస్తాను నాయనా?”

మర్నాడు తాన్ల బల్ల లోపలికి పోయి, అక్కడ స్టూలు వచ్చింది. గాజుల కొట్టావిడ వీళ్లిద్దర్నీ మించి, ఏకంగా గోడవారగా పొడుగాటి బల్ల వేయించి, పైన నీడకు టార్పాలిన్ పట్టా కట్టింది. బల్ల మీద చోటుంటే అమ్మమ్మ ఒక్కతే ఎందుకుంటుంది? మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి ఒక పెద్దాయన వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. చంటిపిల్లల తల్లులు ఆగారు. క్యాంపస్ హాస్టల్ అమ్మాయిలు రోడ్డు దిగకుండా, కబుర్లాడుకుంటూ మా ముందు నుంచి నడిచారు. ఒకతను అలవాటుగా స్కూటరు ఫుట్‌పాత్ ఎక్కించబోతే, గిన్నెల కొట్టతనే బయటికొచ్చి కేకేశాడు. “ఓ భాయ్! పెద్దోళ్లు కూసునే జాగ గది. గాడ సందుల పెట్టుకో పో!” స్కూటర్ని ఎలా జరుపుతారో నాకు అప్పుడు తెలిసింది.

నెలాఖరు వచ్చింది. ఆ సాయంత్రం నాన్నగారు ఇంటికి వెళ్లకుండా నేరుగా బజారుకు వచ్చారు. దూరం నుంచే చూశాను. ఆయన ఫుట్‌పాత్ మీదే నడిచి వస్తున్నారు, ఒక్కసారి కూడా రోడ్డు దిగలేదు. అమ్మమ్మ అల్లుణ్ణి చూసి గబుక్కున లేచి నిలబడింది. లేచిన తొందరలో కాస్త తూలి గోడ పట్టుకుంది. ఇన్ని రోజులూ నిలదొక్కుకున్న మనిషి ఆఖరి నిమిషాన మర్యాద వల్ల తూలింది. ఆయన అది చూడనే చూశారు.

గిన్నెల కొట్టతను ఇంకో స్టూలు తెచ్చి, “కూసోండి సార్” అన్నాడు. నాన్నగారు కూర్చోలేదు. కాసేపు ఆ వీధిని ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

“మీ అమ్మమ్మని కూర్చోమని చెప్పు.”

అమ్మమ్మ కదల్లేదు. అప్పుడు ఆయనే ముందు కూర్చున్నారు, ముఖం రోడ్డు వైపు తిప్పుకుని. ఎదురుగా కాదు, పక్కన. పక్కన కూర్చోకూడదని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అమ్మమ్మ కాసేపు ఆలోచించి, కొంగు సర్దుకుని కూర్చుంది. ఇద్దరూ వచ్చేపోయేవాళ్లను చూస్తూ ఉండిపోయారు. లేచేటప్పుడు నాన్నగారు నాతో అన్నారు, “రోజూ చీకటి పడకముందే వచ్చెయ్యమను.”

అనుమతి అంటే అంతే. నేను చెప్పనక్కర్లేకపోయినా, ఆ మాట మాత్రం ఇంటిదాకా అమ్మమ్మకు మళ్లీ మళ్లీ చెప్పాను.

ఇప్పుడు నాది అమ్మమ్మ వయసు. తార్నాకలో పైన మెట్రో వచ్చింది, కింద బకెట్లు ప్లాస్టిక్‌వి అయ్యాయి. కాలనీ మీటింగుల్లో ఎవరో ఒకరు లేచి, ఫుట్‌పాత్ మీదివన్నీ తీయించెయ్యాలంటారు. నేనూ తలాడిస్తాను. ఆడించి, “తీశాక అక్కడ ఎవరు కూర్చుంటారు?” అని అడుగుతాను. “నడిచేదానికి గదా మేడం, కూసునేదానికా?” అని నవ్వుతారు. పెద్దావిడ మాట తప్పించిందనుకుంటారు కాబోలు, అలా అనుకోవడానికి నేను వాళ్లకు అవకాశాలు చాలానే ఇచ్చాను.

మీటింగు అయ్యాక బజారు మీదుగా ఇంటికొస్తూ, ఏదో ఒక కొట్టు ముందు ఆగుతాను. మొన్న మందుల షాపు ముందు ఆగాను. నా మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

“బాబూ, ఒక కుర్చీ వేస్తావా?”

ఆ అబ్బాయి ఫోన్లోంచి తలెత్తి చూశాడు. లేచాడు. మెట్ల పక్కన దారికడ్డంగా ఉన్న అట్టపెట్టెలు లోపలికి జరపడం మొదలుపెట్టాడు.