బుల్లమ్మ పేరు లేని పుస్తకం

2024 డిసెంబరు 9. పుస్తకం కోసం నాతో మాట్లాడినవాళ్ల అంగీకార పత్రాలు నా దగ్గర నలభై ఒకటి ఉన్నాయి. ఇరవై ఏడోది సోమలమ్మగారిది, వేలిముద్రతో.

వలసపాలనను ఎదిరించిన ఆసియా స్త్రీలపై ఐదు దేశాల పరిశోధకులం కలిసి రాసిన పుస్తకాన్ని ఆ రోజు నర్సీపట్నంలో ఆవిష్కరించాం. సోమలమ్మగారు కృష్ణదేవిపేట నుంచి షేర్ ఆటోలో వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల ఆమె అడ్డాకుల విస్తళ్లు కుట్టి బతికిన మనిషి. మన్యం తిరుగుబాటు రోజుల్లో ఆమె నాయనమ్మ బుల్లమ్మ అడ్డాకుల మోపులో బియ్యం దాచి, పోలీసుల కళ్లెదుటే కొండమీది తిరుగుబాటుదారులకు చేరవేసేది. పట్టుబడిన నాడు దొరలు దొంగతనం కేసు రాశారు. తిరుగుబాటు అన్న మాటే రాయలేదు. నూరేళ్లయినా ఊళ్లో వాళ్లది దొంగబుల్లమ్మ ఇల్లే. ఆ మచ్చ పోవాలనే సోమలమ్మగారు ఆరు మధ్యాహ్నాలు పని మానుకుని నాతో మాట్లాడారు.

వేదికపై వియత్నాం ప్రతినిధి తమ ఊరి స్త్రీ పేరు చెప్పి ఫొటో చూపించారు. ఇండోనేషియా ప్రతినిధీ అంతే. నా వంతు వచ్చింది.

“గౌరి అనే కొండప్రాంతపు స్త్రీ...” అని చదివాను.

సోమలమ్మగారు లేచి నిలబడ్డారు.

“గౌరెవులు పాపా? మా మామ్మ బుల్లమ్మ కదేటి?”

“మీకు ఇబ్బంది రాకూడదని పేరు మార్చామండీ. పత్రంలో ఉంది.”

వెనక నుంచి ఆమె ఊరివాడు సూరన్న నవ్వాడు. “సోమలమ్మొదినా! మీ మామ్మ బియ్యం కొట్టేసింది, ఈలు మీ మామ్మ పేరే కొట్టేసినారు!”

ఆమె అతనివైపు చూడలేదు. “ఆలందరి మామ్మలకీ పేర్లున్నాయి. మా మామ్మకే నేదేటి? దొరలు దొంగనే రాసినారు గానీ, పేరెట్టి రాసినారు. నువ్వు ఆ పేరూ తీసీసినావు.”

పత్రంలో రెండు గళ్లున్నాయి: పేరు వాడవచ్చు, పేరు గోప్యం. పని త్వరగా సాగాలని నలభై ఒక్కింటిలోనూ రెండో గడికి నేనే ముందుగా టిక్కు పెట్టుకుని వెళ్లాను. ఆమెకు చదివి వినిపించలేదు.

తర్వాతి వారం కొత్త పత్రం పట్టుకుని కృష్ణదేవిపేట వెళ్లాను. మలిముద్రణలో అసలు పేరు వేస్తామన్నాను. ఆమె విస్తరి కుడుతూనే ఉన్నారు.

“దేశాలెల్లిపోయిన పుస్తకాలు ఎనక్కి తెప్పించగలవేటి?”

తెప్పించలేనన్నాను.

“అయితే పాత కాయితం నాకిచ్చీ.”

సంచిలోంచి తీసి ఇచ్చాను. కొత్తదానిపై ఆమె వేలిముద్ర వేయలేదు. నా ఇంకు ప్యాడుకు మూతపెట్టి, నా వైపు జరిపారు.