చెక్క ముసుగు వెనక ముగ్గురం

ముందే చెప్పేస్తాను. ఉదయగిరి కొండ మీద ఏళ్ల తరబడి మౌనంగా ఉండి, గాలిలో సంగీతం విని, గిటారు పట్టుకుని కిందికి దిగివచ్చిన సన్యాసి ఎవరూ లేరు. ఆ ముసుగు వెనక ఉన్నది ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇంట్లో పుట్టి, పాలిటెక్నిక్ సగంలో ఆపేసి, ఆత్మకూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసుకున్న మనిషి. కొండ ఎక్కమంటే పావు వంతు ఎక్కి మోకాళ్లు పట్టుకుని కూర్చుంటాడు. నాకు తెలుసు. ఒకసారి ఎక్కబోయినప్పుడు అతని వెనకే నేనున్నాను.

అతని పేరు మీద తిరుగుతున్న ఆ పొడుగాటి పాటలో, మధ్యలో వచ్చే ఆర్గాన్ భాగం నాది. నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. పదమూడో ఏట నుంచి ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాను.

ప్రోగ్రెసివ్ రాక్ అనే మాట నాకు నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. హాస్టల్లో నా రూమ్మేటు వాళ్లన్న కాపీ చేసిచ్చిన సీడీలు కొన్ని ఉండేవి. వాటి మీద బొమ్మల్లేవు, పేర్లు లేవు, స్కెచ్ పెన్నుతో రాసిన అంకెలు తప్ప. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. పల్లవి మళ్లీ వస్తుందని ఎదురుచూస్తే రాదు. తాళం నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి మారిపోతుంది. ఒకదాంట్లో ఆర్గాన్ మోగింది. మా చర్చిలో మోగేలాంటిదే, కానీ ఎవరో దాన్ని తలుపులు తీసి బయటికి వదిలిపెట్టినట్టుంది. ఆ రోజు భోజనానికి మెస్సుకు వెళ్లలేదు నేను.

అది వాయించినాయన ఎలా ఉంటాడో నాకు నేనే ఊహించుకున్నాను. బట్టతల, కళ్లద్దాలు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. మూడేళ్ల తర్వాత నెట్ సెంటర్లో అలాంటి బ్యాండ్ల ఫొటోలు చూశాను. ఒకాయన పాదాల దాకా మెరిసే అంగీ తొడుక్కుని, చుట్టూ కీబోర్డులు ప్రహరీలా పేర్చుకుని నిలబడ్డాడు. ఇంకొకాయన తలకి ఏదో జంతువు మొహం తగిలించుకుని పాడుతున్నాడు. పకపకా నవ్వాను. తర్వాత కోపం వచ్చింది. ఇంత బాగా వాయించేవాళ్లకి ఈ వేషాలెందుకు? మరికొందరు అసలు మొహాలే చూపించరు, చీకట్లో నిలబడి వెనక తెర మీద బొమ్మలు వేసుకుంటారు. వాళ్లే నయమనుకున్నాను. కానీ వాళ్ల గురించి రాసినవి చదివితే సగం రాతలు ఆ కనపడని మొహాల గురించే. దాక్కోవడం కూడా వేషమే అయిపోయింది.

చాలా ఏళ్లకి నా ఫోను స్క్రీను పగిలి రిపేరు షాపుకి వెళ్తే, అక్కడ స్పీకర్లో ఏడు దెబ్బల తాళంలో ఏదో మోగుతోంది. కౌంటర్ మీద వేళ్లతో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. స్క్రూడ్రైవరు పట్టుకున్నతను తలెత్తి చూశాడు.

"ఏందక్కా, మీకు ఈ పాటలు తెలుసా?"

అతనే మా గిటారిస్టు. నెమ్మదస్తుడు, సిగ్గరి. మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూడడు. వేళ్లు మాత్రం అద్భుతం. అతనే డ్రమ్మర్ని తీసుకొచ్చాడు. అనంతసాగరం దగ్గర పల్లెలో గొర్రెలు కాసే ఇల్లు వాళ్లది. జాతర్లలో పలక, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ వాయించేవాడు. నోరు మూయడం వాడికి చేతకాదు. బస్సు దిగిన దగ్గర్నుంచి మా మేడ మెట్లు ఎక్కేదాకా ఎవరో ఒకరితో మాట్లాడుతూనే వస్తాడు.

మా మేడ మీద రేకుల షెడ్డులో ఆదివారం మధ్యాహ్నాలు కూర్చునేవాళ్లం. వేసవిలో రేకుల కింద ఉడికిపోయేవాళ్లం. ఏడు దెబ్బల్ని మూడు, నాలుగుగా ఎలా విడగొట్టాలో నేను బోర్డు మీద రాసి చూపించబోతే డ్రమ్మరు దండం పెట్టాడు.

"అక్కా, నీ లెక్కలు నాకొద్దు. మా మామ పలక మీద ఇది ఎప్పుడో వాయించినాడు. నువ్వు మొదలుపెట్టు, నేనొస్తా."

నిజంగానే వచ్చాడు. ఒక్కసారీ తప్పలేదు.

డ్రమ్మరు వాళ్ల అవ్వ పుట్టిన ఊరు సోమశిల డ్యాం నీళ్ల కింద ఉంది. ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి పోయినప్పుడు గోడల మొదళ్లు తేలుతాయని, అవ్వ తన ఇల్లు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుందని వాడు చెప్పేవాడు. ఆ ఊరి మీదే మా పాట కట్టాం. నీళ్లు మెల్లగా రావడం డ్రమ్స్, ఊరు ఖాళీ కావడం గిటారు, మధ్యలో, అంతా మునిగాక పైన మిగిలిన నిశ్శబ్దం నా ఆర్గాన్, చివర ఎండలకి గోడలు మళ్లీ తేలడం గిటారూ డ్రమ్సూ. పద్దెనిమిది నిమిషాలు. మాటలు లేవు. పూర్తి కావడానికి ఏడాది పైగా పట్టింది. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఏదంటే అదే అంటాను.

దాన్ని వీడియో తీయించడానికి నెల్లూరు నుంచి ఒకాయన్ని పిలిచాం. పెళ్లిళ్లు తీసే మనిషి, సంగీతమంటే ప్రాణం. పాట మొత్తం కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత మా ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు.

"పాట బంగారం. కానీ పద్దెనిమిది నిమిషాలు జనం ఏం చూడాల? ఈన సెల్ షాపు, ఈన గొర్రెలు, మేడమ్ గారు చాక్‌పీసు. ఎట్టయ్యేది? ఒక ఇమేజ్ ఉండాల గదా."

రెండు వారాల్లో ఇమేజ్ తయారైంది. గిటారిస్టు వాళ్లమ్మ ఉలులతో, గరిటెలు చేసే కర్రతోనే ఒక ముసుగు చెక్కుకున్నాడు. నోరు లేదు, రెండు కళ్లకి సన్నటి గాట్లు. దాని మీద నల్ల గొంగడి. కొండ మీద సన్యాసి కథ వీడియో ఆయన అల్లినదే. డ్రమ్మరు మొహానికి బూడిద గీతలు, పేరేమో మౌన కాపరి. వాడు బయట ఎక్కడా నోరు విప్పకూడదు. నన్ను మునిగిన ఊరి పెళ్లికూతురు దెయ్యం అన్నారు. తెల్లచీర, విరబోసిన జుట్టు.

"నేను సోమవారం పొద్దున ఎనిమిదో తరగతికి బీజగణితం చెప్పాల. దెయ్యం వేషం నాతో కాదు," అన్నాను.

"అయితే తెర వెనక కూర్చోండి మేడమ్. ఎవరు వాయిస్తా ఉండారో తెలియకపోతే అదో మిస్టరీ."

ఒప్పుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది అందుకే. వేషం వేసుకోను అని మాత్రమే అన్నాను. మామూలు చీరలో, మామూలుగా అందరి ముందూ కూర్చుంటాను అని ఎందుకు పట్టుబట్టలేదు?

వీడియో బాగా తిరిగింది. జనం పాట గురించి కాదు, ముసుగు గురించి రాశారు. సన్యాసి ఏ గుహలో ఉంటాడని అడిగారు. ఇద్దరే ఉన్న బ్యాండు అని రాశారు. మా స్కూల్లో పిల్లలు కూడా చూశారు. "మిస్, మన ఉదయగిరి సామి గిటారు విన్నారా?" అని నన్నే అడిగారు. విన్నాను అన్నాను.

అందరికంటే డ్రమ్మరు బాధ చెప్పలేనిది. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు పాట ఎలా పుట్టిందని అడిగితే, చెప్పాల్సినవాడు వాడు. అవ్వ వాడిది, ఊరు వాడిది. వాడు పళ్లు బిగబట్టి నేల చూస్తుంటే, వీడియో ఆయన పక్కనుంచి ఏవో గాలి కబుర్లు చెప్పేవాడు. అలాంటి ఒక రోజు అయ్యాక మా షెడ్డులో కూలబడి అన్నాడు.

"అక్కా, మా అవ్వ గురించి వాడెవడో చెప్తా ఉంటే నేను గమ్మునుండాల్నా?"

గిటారిస్టు తల వంచుకుని తీగలు సర్దుకుంటున్నాడు. "ఇంకొన్నాళ్లు ఓర్చుకోరా" అన్నాడు, అంతే.

ఓర్చుకోవడం వాడివల్ల కాలేదు. ఒక షూటింగు అయ్యాక మొహాన బూడిద గీతలతోనే సంగం సెంటర్లో షేర్ ఆటో ఎక్కబోయాడు. సీటు దగ్గర ఆటో అతనితో గొడవ పడ్డాడు. పావుగంట ఆగకుండా వాదించాడు, చుట్టూ నలుగురు చేరారు. ఎవరో ఫోన్లో తీశారు. సాయంత్రానికి ఆ వీడియో మా పాటను మించిపోయింది. మౌన కాపరి బండారం బయటపడిందట. మోసగాళ్లట. పద్దెనిమిది నిమిషాల్లో ఒక్క దెబ్బ తప్పనివాణ్ణి పట్టుకుని మోసగాడన్నారు.

ఆ తర్వాత పది రోజులకి నెల్లూరులో ఒక కాలేజీ హాల్లో మా ప్రోగ్రాం. మానుకుందామన్నాను, ఎవరూ వినలేదు. మధ్యాహ్నం మూడు గంటలకి, నిండు హాలు. నేను నల్లతెర వెనక, సందులోంచి డ్రమ్మరు వీపు మాత్రం కనిపిస్తోంది. పాట మొదలైన రెండు నిమిషాలకే అరుపులు. "మాట్లాడన్నా! ఆటోలో మాట్లాడినట్టు మాట్లాడు!" వెనక బెంచీల నుంచి ఈలలు. గిటారిస్టు వాయిస్తూనే ఉన్నాడు, ముసుగులో అతని మొహం ఏమైందో ఎవరికి తెలుసు? డ్రమ్మరు చేతులు ఆగిపోయాయి. లేచి వెళ్లి మైకు అందుకున్నాడు.

"మాట్లాడమంటారా? వినండి అట్లైతే. నేను మూగోణ్ణి కాదు. ఈయన సన్యాసి కాదు. మా అవ్వ ఊరు నీళ్లల్లో మునిగిపోయినాది. పాట దాని గురించి. ఆ తెర వెనక మా అక్క ఉండాది, సగం పాట ఆమె కట్టినాది."

ఇంకా చెప్పాడు. అవ్వ ఇంటి గుమ్మం, వదిలేసి రావలసివచ్చిన తిరగలి, బండి ఎక్కనని మొరాయించిన ముసలి గొర్రె. ముందు వరసల్లో కొందరు చప్పుడు లేకుండా విన్నారు. వెనక నవ్వులు మాత్రం ఆగలేదు. ఎవరో నిజంగానే తెర లాగి చూస్తారేమోనని నేను పైట సర్దుకున్నాను. ఎవరూ లాగలేదు.

వాడు ముగించేసరికి నిర్వాహకుడు గడియారం చూపించాడు. తర్వాత డ్యాన్సు ప్రోగ్రాం ఉందట, ఐదే నిమిషాలు టైముందట. గిటారిస్టు మధ్య భాగం వదిలేసి చివరికి దూకమని సైగ చేశాడు. దూకారు. నా ఆర్గాన్ అంతా ఆ మధ్య భాగంలోనే ఉంది. చేతులు మీటల మీద పెట్టుకుని, ఒక్కటీ నొక్కకుండా పాట అయిపోయేదాకా కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. ముసుగుతో సెల్ఫీల కోసం స్టేజీ మీదికి ఎక్కారు.

బయట వ్యాను దగ్గర డ్రమ్మరూ వీడియో ఆయనా చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. ఇద్దర్నీ విడదీసి గిటారిస్టుని అడిగాను.

"నువ్వు చెప్పు. ఆ ముసుగు తీసి మాతో ఆత్మకూరు బస్సెక్కుతావా, లేదా?"

"అక్కా, అది లేకుండా నేను జనం ముందర నిలబడలేను. కాళ్లు వణుకుతాయి," అన్నాడు.

అది అబద్ధం కాదని నాకు తెలుసు. అందుకే ఏమీ తిట్టలేకపోయాను. ఆ తిట్లు ఇంకా నా నోట్లోనే ఉన్నాయి.

అతను వీడియో ఆయనతో బెంగుళూరు వెళ్లిపోయాడు. ఒంటరి సన్యాసిగా ప్రోగ్రాములు ఇస్తున్నాడు. డ్రమ్సూ, నా ఆర్గానూ మా రికార్డింగు నుంచి వెనక వేసుకుని, ముందు గిటారు వాయిస్తాడు. మొన్న వేసవి సెలవుల్లో ఒక ఛానెల్లో అతని ఇంటర్వ్యూ వచ్చింది. ఆ ఆర్గాన్ ఆలోచన ఎక్కడిదని అడిగారు. కొండ మీదున్న పాత కోట గోడల్లో గాలి దూరేటప్పుడు అలా వినిపించిందన్నాడు. నెమ్మదిగా, తడబడకుండా చెప్పాడు. ఫోన్ చేశాను.

"గాలిలో విన్నావా? నా షెడ్డులో, నా పక్కన కూర్చుని విన్నావు గదరా! అది కుదరక నేను నాలుగు ఆదివారాలు ఏడ్చినాను, గుర్తుందా?"

"ఉండాది అక్కా." అన్నాడు. "కానీ అన్నిసార్లు చెప్పి చెప్పి, ఇప్పుడు కళ్లు మూసుకుంటే కొండే కనిపిస్తా ఉండాది. నేనేం చేసేది?"

ఫోన్ పెట్టేశాను. దొంగతనం చేశానని ఒప్పుకునేవాడితో పోట్లాడొచ్చు. తన కథ తనే నమ్మినవాడితో ఏం పోట్లాడతాం?

డ్రమ్మరు అయితే ఛానెలు ఆఫీసు మీదికే పోదామన్నాడు. వద్దని, నేనే ఒక ఈమెయిలు రాశాను. పాట ఎవరు కట్టారు, ఏ భాగం ఎవరిది, ఎక్కడ రికార్డు చేశాం, అన్నీ వరసగా, లెక్క చేసి చూపించినట్టు. మా పాత రికార్డింగులు జతచేశాను. మూడు రోజులకి జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. విషయం చాలా ఆసక్తిగా ఉందట, తప్పకుండా వేస్తారట. మా ఇద్దరి ఫొటోలు కావాలన్నారు. కాస్త మిస్టరీగా ఉంటే బాగుంటుందట, కాస్ట్యూమ్ ఏదైనా ఉంటే మరీ మంచిదట.

స్కూలు ఐడీ కార్డు కోసం దిగిన ఫొటో నాది, బనియనుతో గొర్రెపిల్లను ఎత్తుకుని నవ్వుతున్నది వాడిది పంపించాను. ఇంతవరకూ వెయ్యలేదు.