నా కంటికి పెట్టుకోని కాటుక

"వదినా, ఆనాడు నువ్వు ముందుగాల నీ కంటికి పెట్టుకున్నవా?"

"పెట్టుకున్ననే."

"అయితే నా నసీబే గట్లున్నది. తియ్, చాయ్ తాగు, సల్లారుతది."

నాకూ నా ఆడబిడ్డ బాలమణికీ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆమెకు అప్పటికి మూడు రోజులుగా జ్వరం. మర్నాడు పొద్దున లేపబోతే లేవలేదు. పోయేముందు నన్ను ఒక్క మాట అడిగింది. దానికి నేను అబద్ధం చెప్పాను. అదే అబద్ధం అంతకు పద్నాలుగేళ్ళ ముందు కూడా ఆమెకే చెప్పాను. మొదటిసారి భయంతో, గర్వంతో చెప్పాను. రెండోసారి ఎందుకు చెప్పాను? చచ్చిపోయే మనిషికి నిజం చెప్పినా నాకు పోయేదేముంది? ఇప్పటికీ తెలియడం లేదు.

మగ్గం మీద పడుగు బిగువుగా నిలవాలని వెనక బరువు వేలాడగడతారు. నేసేవాడికి అది కనిపించదు. కానీ ప్రతి పోగునూ అది లాగుతూనే ఉంటుంది. నాకు అలాంటి బరువు ఒకటి ఉంది. నవ్వినా లాగింది. వండినా లాగింది. మా ఆయన పోయిన రోజున కూడా, ఏడుస్తున్నది ఆయన కోసమా దీని కోసమా అని నాకే అనుమానం వచ్చింది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు ఈశ్వరి రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. ఇప్పటికే రెండుసార్లు కలం ఆపి నా మొహం చూసింది. "అత్తా, గిది గూడ రాయాల్నా?" అంది. రాయమన్నాను. ఇది చదివే మీరు ఎవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళు ఎదురుగా ఉంటే నేను మళ్ళీ మాట మార్చేస్తాను.

షోలాపూరులోని దాజీ పేటలో మా ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక వంట, పెరట్లో రంగు కాగు. మా ఆయన చీరల అంచులకు కావలసిన నూలుకు తనే రంగు వేసుకునేవాడు. ఎరుపు, నలుపు. నలుపు అద్దిన రోజున ఆయన చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి. సబ్బుతో తోమినా, బూడిదతో తోమినా పదిహేను రోజులు పోయేది కాదు. అన్నం కలుపుతుంటే మా అత్త నవ్వేది. "ఏందిరా, బొగ్గుల్ల చెయ్యి పెట్టొచ్చినవా?" "పక్కా రంగే అవ్వా, నీ కొడుకు లెక్క. వదలదు," అనేవాడు.

ఆ మాట నా తలలో ఉండిపోయింది.

ఆ వాడలో నాకు ఒక పేరుండేది. మగ్గం పనికి కాదు, వంటకు కాదు. కాటుకకు. గుంటగలగర ఆకు రసంలో గుడ్డపేలిక నానబెట్టి, నీడన ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదం దీపం పెట్టి, మీద రాగి పళ్ళెం బోర్లించేదాన్ని. పళ్ళేనికి పట్టిన మసిని తమలపాకుతో గీకి, పదేపదే కడిగిన వెన్నలో నూరేదాన్ని. ఎండాకాలంలో చిటికెడు పచ్చకర్పూరం కలిపితే కళ్ళు చల్లబడేవి. షోలాపూరు ఎండకు మగ్గాల దగ్గర కూర్చునే ఆడవాళ్ళు ఆ కాటుక కోసం భరిణెలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడేవాళ్ళు. వానాకాలంలో వెన్న తగ్గించేదాన్ని, లేకపోతే చెమ్మకు కారిపోతుంది. చలికాలంలో వెన్న గడ్డకట్టేది. అప్పుడు రెండు చుక్కల ఆముదం. ఏ కాలానికి ఏది కలపాలో నా వేళ్ళకు తెలుసు.

ఇదంతా మా అమ్మ నేర్పింది. అన్నిటికంటే ముందు నేర్పింది ఒకటుంది. కాటుక పట్టిన మనిషి దాన్ని ముందు తన కంటికి పెట్టుకోవాలి. ఒక పూట ఉంచుకోవాలి. ఆ తర్వాతే ఇంకొకరి కంటికి. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎవరి భరిణెలో వేలు పెట్టబోయినా "నువ్వు పెట్టుకున్నవా?" అని అడుగుతారు. అడగడం ఆనవాయితీ. జవాబు వినకుండానే కన్ను ముందుకు చాపుతారు. అంత నమ్మకం.

ఆ మొదటి అబద్ధం చెప్పిన ఏడాది ఊళ్ళోకి మరాఠీ నాటకం కంపెనీ వచ్చింది. ఆడవేషం కట్టింది మగవాడే. కానీ ఆ కళ్ళు! కంటి కొసనుంచి కణత దాకా పొడుగ్గా, సన్నగా, చివర పైకి లేచిన గీత. అప్పటిదాకా మేము రెప్ప లోపల ఒక వరస పెట్టుకుని, బుగ్గన చుక్క పెట్టుకుంటే అదే సింగారం. ఆ నాటకం చూసొచ్చాక వాడలో పెళ్ళి కావలసిన పిల్లలంతా తమ కంటి గీతకూ ఆ తోక కావాలన్నారు. మీసాలు గొరిగించుకున్న మగాడి కళ్ళు చూసి ఆడపిల్లలు మోజుపడుతున్నారని మా అత్త ఒకటే దెప్పుడు.

బాలమణికి అప్పుడు పదిహేనేళ్ళు. మా ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు ప్రతి పోగునూ కొసకు కొస కలిపి, వేళ్ళతో పురి తిప్పి అతకాలి. వెయ్యికి పైగా పోగులు. ఆమె అతికితే ఒక్కటి జారేది కాదు, ఒక్కటి తప్పేది కాదు. నాలుగు వీధుల అవతలి నుంచి కూడా ఆమెను పిలుచుకుపోయేవారు. "నీ కండ్లు సూదులే పిల్లా," అనేవారు. ఆమె బతుకంతా ఆ కళ్ళలోనే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

నా కాటుకతో ఆ తోక నిలవలేదు. వెన్న కాటుక ఎంతసేపు నిలుస్తుంది? చెమటకు కారి బుగ్గ మీదికి వచ్చేది. పక్కింటామె నవ్వింది. "ఏం పేరమ్మా నీ కాటుకది, పొయ్యిమసి నయ్యం," అంది. పది మంది ముందు అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు. ఇప్పుడు తలుచుకుంటే ఎంత చిన్న మాట! ఒక గీత కారిపోయిందన్న మాటకు నేను ఎక్కడిదాకా పోయాను?

బతుకమ్మ ఇంకా రెండు రోజులుంది. పెరట్లో కాగు అడుగున ఉడికిన నల్లరంగు గడ్డకట్టి ఉంది. గోటితో గీకాను. ఎండబెట్టి పొడి చేశాను. కాటుకలో చిటికెడు కలిపాను. చాలదనిపించి ఇంకో చిటికెడు. పక్కా రంగు. వదలదు.

ముంజేతి మీద గీత గీసి చూశాను. నల్లగా, తళతళలాడుతూ నిలిచింది. కాసేపటికి ఆ చోట చిటపటలాడింది. తుడిస్తే కింద ఎర్రగా కందింది. గాజులు ఇంత ముందుకు జరుపుకుని ఆ ఎరుపును కప్పుకున్నాను.

అక్కడ ఆగిపోవలసింది. ఆగలేదు. కానీ నా కంటికి మాత్రం పెట్టుకోలేదు. చేతికే మండిందాన్ని కంటికి ఎలా పెట్టుకోను అని భయమేసింది. నా కంటికి భయపడ్డాను. ఆమె కంటికి భయపడలేదు. నేను చేసిన తప్పు ఇది. తెలియక చేశానని చెప్పుకోవడానికి వీల్లేదు. నా చేతికి ముందే తెలిసింది.

బతుకమ్మ నాటి మధ్యాహ్నం బాలమణి తల దువ్వుకుని నా ముందు కూర్చుంది.

"వదినా, నువ్వు పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న. పొద్దున్నే పెట్టుకుని కడుక్కున్న."

"మంచిగ దియ్యి మరి. ఆ నాటకపోడు నన్ను జూసి సిగ్గువడాలె."

ఇద్దరం నవ్వాం. నేను ఆమె గడ్డం పట్టుకుని గీశాను. రెప్ప లోపల, రెప్ప మీద, కొసకు, కణత దాకా. అంత చక్కటి గీత నేను మళ్ళీ ఎప్పుడూ గీయలేదు.

"మండుతున్నది వదినా."

"కొత్త కాటుక గట్లనే మండుతది. జర ఓర్చుకో. నలపకు, తోక పాడైతది."

తోక పాడవుతుందన్నాను. కళ్ళ గురించి అనలేదు.

సాయంత్రం సన్నగా జల్లు పడింది. అందరి కాటుకలూ కారాయి. ఆమెది చెక్కు చెదరలేదు. చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ఆడవాళ్ళు ఆమెను ఆపి ఆపి చూశారు. పొయ్యిమసి అన్న పక్కింటామె దగ్గరికొచ్చి, "ఇది నీ చేతిదేనా?" అంది. ఔనన్నాను. బాలమణి కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆమె ఓర్చుకుంటోంది, నేను నలపవద్దన్నానని. నాకు కనిపిస్తూనే ఉంది. అయినా ఆ మెప్పు ఇంకొంచెంసేపు వినాలనిపించింది.

తెల్లారేసరికి రెప్పలు వాచి కళ్ళు తెరుచుకోలేదు. మా అత్త దిష్టి అంది. ఇంత అందంగా ఉంటే పదిమంది కళ్ళు పడవా అంది. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మూడో రోజున మా ఆయన ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్ళాను. మరాఠీ డాక్టరు రెప్పలు విప్పి చూసి నావైపు తిరిగాడు. "డోళ్యాత్ కాయ్ ఘాత్‌లం?" కంట్లో ఏం పెట్టారని. కాటుక, ఇంట్లో చేసిందే అన్నాను. "ఆణిక్ కాయ్?" ఇంకేముంది అందులో అని. మళ్ళీ అడిగాడు. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు, నల్లటి చేతులతో.

"కాహీ నాహీ," అన్నాను. ఏమీ లేదు.

ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఆ డాక్టరు ఇంకేదైనా మందు వేసేవాడేమో. కళ్ళు నిలిచేవేమో. నిలిచేవి కావేమో. నేను ఆయనకు ఆ దారే మూసేశాను. ఎందుకు చెప్పలేదు? మా ఆయన కొడతాడనా? ఆయన ఎన్నడూ చెయ్యెత్తిన మనిషి కాదు. అత్త వెళ్ళగొడుతుందనా? కావచ్చు. కానీ అడుగున ఉన్నది వేరే. నా కాటుకకు చెడ్డపేరు వస్తుందని. నిజంగా అదే.

ఇంటికొచ్చి భరిణెలో మిగిలిన కాటుకను కాగులో కలిపేశాను. మా ఆయన ఆ రంగులోనే నూలు ముంచాడు. ఆ అంచు చీర ఎక్కడికి పోయిందో, ఎవరు కట్టుకున్నారో.

బాలమణి ఎడమ కంటికి తెల్లటి పొర కమ్మింది. కుడి కంటికి వెలుగు, నీడ మాత్రం తెలిసేవి. మాట నడుస్తున్న సంబంధం వాళ్ళు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. పోగులు అతకడానికి ఎవరూ పిలవలేదు. కొన్నాళ్ళు ఆమె పాత పోగుల ముక్కలు ఒళ్ళో వేసుకుని, తడుముకుంటూ ఊరికే అతికేది. "జూడు వదినా, కుదిరినయా?" అనేది. కొన్ని కుదిరేవి కావు. కుదిరాయనే చెప్పాను. తర్వాత బీడీలు చుట్టడం నేర్చుకుంది. పోయేదాకా అవే చుట్టింది. ఆకు చేతికందించేదాన్ని నేనే. ఆమెను చూసుకున్నానని వాడంతా నన్ను మెచ్చుకుంది. అసలు వదినంటే నువ్వే అన్నారు. ఆ మెప్పూ తిన్నాను.

ఆ బతుకమ్మ తర్వాత నేను కాటుక పట్టలేదు, పెట్టుకోలేదు. ఆడబిడ్డ మీద బాధతో మానేసిందన్నారు. నాలుగేళ్ళకు మా ఆయన పోయాడు. ఇక అడిగేవాళ్ళే లేరు. ముండమోసిన దాని కంటికి కాటుక ఎందుకుంటుంది? అందరు ఆడవాళ్ళకూ అది శిక్ష. నాకు మాత్రం చాటు దొరికింది. గాజులు కూడా పోయాయి. ముంజేతి మీది ఎరుపు ఎప్పుడో మానిపోయింది. అయినా ఎవరైనా ఎదురుగా కూర్చుంటే ఆ చోటు కప్పుకుందామని కుడి చెయ్యి దానంతటదే వస్తుంది. ఇప్పుడూ వచ్చింది. ఈశ్వరి చూసింది.

బాలమణికి తెలుసా? తెలిసే అడిగిందా ఆఖరి రోజున? నా నోటితో ఒక్కసారి లేదని అనిపించుకుని పోదామనుకుందా? పడుకోబోతే ఇదే ప్రశ్న. క్షమించమని అడగడానికి ఆమె లేదు. ఉన్నా అడిగే మొహం నాకు లేదు. మిమ్మల్నీ అడగడం లేదు. చెప్పాను, అంతే. చెప్పాక ఊపిరి కొంచెం కిందిదాకా దిగింది.

ఈశ్వరీ, కలం కింద పెట్టకు బిడ్డా. ఇంకొక్క మాట రాయి. నేను పెట్టుకోలేదు. రాసినవా? మంచిగ కనవడేటట్టు రాసినవా? ఇగ మొదటిసంది నాకు చదివి వినిపియ్యి. మెల్లగ చదువు. ఆమె అడిగిన మాట కాడ ఆగు. గీసారి జవాబు నేను చెప్త.