ఖాకీ చొక్కాలు కుట్టిన గల్లీ

పోయిన మంగళవారం పొద్దున గౌలిపుర నుంచి మామయ్య ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది బిడ్డా. చాయ్‌ల చక్కెర తక్కువైందని లొల్లి చేసి, తాగి, మళ్ల పండుకున్నది. గంతే." ఏడుస్తూనే ఇద్దరం నవ్వేశాం. తొంభై దాటిన మా అమ్మమ్మ పోవడం కూడా తన తీరులోనే పోయింది.

నేను డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం దేశాన్ని, నిజాం రాజ్యాన్ని ఎలా మార్చిందన్న పాఠం వస్తే పిల్లలకు ఆవులింతలే. ఒక ఏడాది అమ్మమ్మను క్లాసుకు తీసుకెళ్లాను. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మిల్లుల బట్టంత ఫౌజుకే పోతుండె. బజార్ల గజం గుడ్డ దొరకకపోతుండె. మా అమ్మ తన పెండ్లి చీర చింపి నాకు లంగ కుట్టింది. నేనైతె మస్తు మురిసిన!"

గుడిలో పూజారి అయిన వాళ్ల నాన్న రాబడి పెరగలేదు. జొన్నల ధర, కిరసనాయిలు ధర మాత్రం పెరుగుతూ పోయాయి. అప్పుడే అఫ్జల్‌గంజ్ గుత్తేదారొకాయన, సైనికుల చొక్కాల కోసం కత్తిరించిన ఖాకీ గుడ్డలను కూలికి కుట్టి ఇమ్మని ఇళ్లకు పంచడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ పాత కుట్టుమిషను ఒకటి కొన్నది. గల్లీలో ఆడవాళ్ల చేతికి మొదటిసారి సొంత సంపాదన వచ్చింది. బడి నుంచి రాగానే గుండీలు కుట్టడం అమ్మమ్మ పని. ఆమె చదువు నడిచిందీ ఆ సంపాదనతోనే.

యుద్ధం ముగిసింది. ఖాకీ మూటలు ఆగిపోయాయి. "మిషను అమ్మేద్దాం, పిల్ల చదివింది చాలు" అన్నాడు వాళ్ల నాన్న.

"అప్పుడు మా అమ్మ ఏం చేసిందో ఎరుకనా? నన్ను తోల్కొని సీదా నేను చదివే మొఘల్‌పురా బడికి పోయింది. 'ఫౌజు చొక్కాలు కుట్టిన చేతులివి, పిల్లల గౌన్లు కుట్టలేమా అమ్మా?' అని పెద్ద పంతులమ్మను అడిగింది. ఆమె నవ్వి, 'రేపటి సంది కుట్టున్రి' అన్నది. వాపసొచ్చేటప్పుడు మా అమ్మ గల్లీల ఉరికింది! గంత పెద్ద మనిషి!"

క్లాసంతా చప్పట్లు. ముందు వరుసలో ఒకమ్మాయి లేచి, "అయితే యుద్ధం మంచే చేసిందా అమ్మమ్మా?" అని అడిగింది.

అమ్మమ్మ ఆ అమ్మాయి దగ్గరికి నడిచింది. "ఏం మాటది బిడ్డా! మేం కుట్టిన చొక్కాలు తొడుక్కున్న పిల్లగాండ్లల్ల ఎందరు ఇల్లు చేరిన్రో ఎవరికెరుక? మూట కట్టేటప్పుడల్ల మా అమ్మ దండం పెట్టేది. యుద్ధం పని ఇచ్చింది, యుద్ధమే గుంజుకున్నది. ఇడువనిది మేము."

నిజంగానే విడవలేదు. పెళ్లయ్యాక కూడా గల్లీలో సగంమంది ఆడపిల్లలకు కుట్టు నేర్పింది. "చేతికి పనొస్తే సగం ఫికర్ తగ్గుతది, మిగిలిన సగం నవ్వితే పోతది" అనేది. కొత్త బట్టలు వేసుకుని ఎవరు కనిపించినా ఆపి, గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూడందే వదిలేది కాదు.

ఆ రోజు మేం క్లాసు నుంచి బయటికొస్తుంటే మైదానంలో ఆడుతున్న పిల్లల బంతి దొర్లుతూ ఆమె కాళ్ల దగ్గర ఆగింది. నేను వద్దంటున్నా వినకుండా అందుకుని బలంగా విసిరింది. బంతి గోడ దాటి రోడ్డు మీద పడింది. పిల్లలంతా గొల్లున నవ్వారు. అమ్మమ్మ గోడ దగ్గరికి వెళ్లి, మునివేళ్ల మీద నిలబడి, బంతి ఇటు విసరమని అవతలున్న ఆటో అతన్ని కేకేస్తోంది: "అరే భాయ్! గేంద్ ఫేంకో, బచ్చే ఖేల్ రహే హైఁ!"