సాలోమోను సాలీళ్ళు

మా పక్కింటి సాలోమోను ఫొటో తీస్తున్నాడంటే చుట్టుపక్కల ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు, వీలైతే ఊపిరి కూడా పీల్చకూడదు. సాలీడు బెదిరిపోతుందట. ఎల్బీనగర్‌లో లారీ హారన్ల మధ్య పుట్టి పెరిగిన సాలీడు.

"కదలకుండ్రి" అన్నాడంటే వీధంతా బొమ్మల కొలువే. గ్యాస్ బండ భుజాన ఉన్నవాడు దాన్ని భుజానే ఉంచుకోవాలి. ఒకసారి ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు ఒక కాలు గుమ్మంలో, ఒక కాలు మెట్టు మీద పెట్టి అలాగే ఉండిపోయారు. ఆయనకు టీ తెస్తున్న సాలోమోను భార్య ప్రసన్న కూడా కప్పుతో ఆగిపోయింది.

"టీ సల్లగయితుందయ్యా," అంది పెదవులు కదపకుండా.

"టీ అయితే మళ్ల కాస్కోవచ్చు. గీ పురుగు మళ్ల మొఖం చూపిస్తదా?"

దిల్‌సుఖ్‌నగర్‌లో కారు డ్రైవింగ్ నేర్పే మనిషి. ఎదుటివాళ్ళ చేత బ్రేకు వేయించడం వృత్తిలోనే వచ్చింది.

అతని దగ్గరున్నది మామూలు ఫోను, దానికి తగిలించిన చిన్న లెన్సు. నా దగ్గరున్నది మా ఆవిడ అమల ఇప్పటికీ దెప్పిపొడిచే ఖరీదైన కెమెరా. అయినా అతని ఫొటోలో సాలీడు కంట్లో జామచెట్టు కనిపిస్తుంది. నా ఫొటోలో సాలీడు ఇంగువ ముక్కలా ఉంటుంది. నాకు కుళ్ళు. దాచడం దేనికి, ఒళ్ళంతా కుళ్ళే.

ఈమధ్య మా కాలనీ సంఘం వాళ్ళు కొత్త క్యాలెండరుకు పెరటి పురుగుల ఫొటోలు పంపమన్నారు. ఒక్క నెలైనా నా బొమ్మ పడాలని పంతం పట్టాను. కానీ నా పెరట్లో సాలీడేది? ఇంట్లో బూజుంటే లక్ష్మి గడప తొక్కదని మా అమ్మ హనుమాయమ్మ నమ్మకం. శుక్రవారం తెల్లారేసరికి బూజుకర్రతో ఇల్లూ పెరడూ దులిపేస్తుంది. సాలీళ్ళన్నీ గోడ దూకి పక్కింట్లో స్థిరపడ్డాయి.

"మన సాలీళ్ళతో పేరు కొట్టేస్తున్నాడు," అన్నాను అమలతో.

"వెళ్ళి అడగండి, ఆధార్ కార్డు చూపిస్తాయి," అంది.

ఫొటోలు పంపడానికి ఆఖరి రోజు శుక్రవారం పడింది. "పెద్దమ్మా, కదలకు" అన్న కేక వినబడి నిద్ర లేచాను. కెమెరా పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. కరివేపాకు చెట్టుకు గూడు, గూటి నిండా మంచుచుక్కలు, నడుమ చారల సాలీడు. అమ్మ బూజుకర్ర ఎత్తినది ఎత్తినట్టే నిలబడి ఉంది. గోడ మీద సాలోమోను తల.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా చెట్టు మీద సాలీడు కూడా నీకేనా?" అన్నాను.

"నాకెందుకన్నా? నువ్వు జల్ది తియ్యి."

అప్పుడు చూశాను. అతని చేతిలో ఫోను లేదు. పళ్ళు తోముకునే బ్రష్షు ఉంది.

అమ్మ కర్ర దించకుండానే చెప్పింది. "ప్రతి శుక్రవారం ఇదే గోలరా. నువ్వు లేచేదాకా దులపొద్దంటాడు. నువ్వా, లేవవు. ఎత్తిన చెయ్యి పీకుతుంటే ఇక దులిపేస్తాను."

"ఇయ్యాల లేసిండు కద పెద్దమ్మా, జర ఆగు," అన్నాడు సాలోమోను.

తీశాను. చారలు, కాళ్ళ మీది నూగుతో సహా పడ్డాయి.

క్యాలెండర్లో జనవరి సాలోమోనుది, అక్టోబరు నాది. అతను మాత్రం ఎవరొచ్చినా అక్టోబరు తిప్పి, "మా చక్రపాణి అన్న తీసిండు," అని చూపిస్తున్నాడు.

అతని ఫొటోలు చూసి కుళ్ళుకోవడానికే నాకు రోజు చాలడం లేదు. ఇప్పుడు మంచితనం చూసి కూడా కుళ్ళుకోవాలంటే నాకు తీరికెక్కడిది?