తలుపుకు వేలాడదీసిన గుండీల కార్డులు

గుండీలమ్మకు ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ కొట్టే లోకం. మనిషి పక్కకు తిరిగితే భుజం గోడకు తగిలేంత ఇరుకు. నేల నుంచి పైకప్పు దాకా చిన్న చిన్న సొరుగులు. ప్రతి సొరుగు ముఖానా అందులో ఉన్న గుండీ ఒకటి అతికించి ఉంటుంది. కొయ్యవి, ఇత్తడివి, ఆల్చిప్పవి, బట్ట చుట్టినవి, పాత కోట్ల మీద తప్ప కనిపించని కొమ్ము గుండీలు. భర్త పోయిన ఏడు, ఈ కొట్టు ఆమె వల్ల కాదన్నవాళ్లందరికీ ఇప్పటికీ ఆమే గుండీలు అమ్ముతోంది, ధర ఒక్క పిసరు కూడా తగ్గించకుండా.

అలాంటి కొట్టు ముందు వీధి తవ్వుతామని కాగితం అంటించి పోయారు. వచ్చే సోమవారం మొదలు, ఎనిమిది నెలలు. రెండు వైపులా ఎత్తయిన రేకులు, మధ్యలో గొయ్యి, నడవడానికి ఒక చెక్క. ఆ రేకుల వెనక కొట్టుందని పక్కింటివాళ్లకైనా గుర్తుంటుందా?

"మూసేయండి అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు. "ఎనిమిది నెలలు ఈగలు తోలుకుంటూ కూర్చుంటారా? సరుకు మొత్తం ఎవరికైనా ఇచ్చేద్దాం."

"ఈగలు తోలడం నాకు చేతకాదు బాబూ. ఇప్పుడు నేర్చుకోను కూడా. వీధిలో కొట్టు కనపడకపోతే ఫోన్లో కనపడేటట్టు చెయ్యండి. మీరు చేసే ఉద్యోగం అదేగా?"

అల్లుడు పెద్ద కంపెనీలో కంప్యూటర్ ఇంజనీరు. చిన్న పని చేతకాకపోవడమే అతనితో చిక్కు. లక్షల మంది వచ్చిపడే అంగడికి కట్టినట్టే అత్తగారికీ వెబ్‌సైట్ కట్టాడు. క్లౌడ్ కంపెనీవాళ్ల దగ్గర ఒక సర్వర్, అంటే దూరాన ఎక్కడో నడిచే కంప్యూటర్, గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాడు. ఎవరైనా ఫోన్ తెరవగానే ఆ సర్వర్ గుండీల పట్టీ అంతా వెతికి, అప్పటికప్పుడు పేజీ తయారుచేసి పంపుతుందట.

"ఎవరూ తెరవకపోతే?" అంది గుండీలమ్మ.

"కాచుకుని ఉంటుందండీ."

"రాత్రంతానా?"

"రాత్రీ, పగలూ."

ఆమె కడుపు మండిపోయింది. వెనక గదిలో బల్బు ఆర్పకుండా వచ్చిన కన్నకొడుకునే ఇంతవరకూ క్షమించని మనిషి. అల్లుడు గుమ్మం దాటగానే కోడలిని పిలిచింది. కోడలు ఎదుటి అచ్చాఫీసులో పేజీలు కూర్చే పని చేస్తుంది. సర్వర్ తాళాలు, అంటే పాస్‌వర్డులు, అల్లుడు ఆమెకే అప్పగించాడు.

"నేను షట్టరు దించగానే నువ్వు దాన్ని ఆపెయ్. పొద్దున తెరిచాక లేపు."

అత్తగారి మాట కాదంటే పని రెట్టింపవుతుందని కోడలికి తెలుసు. ఆ రోజు నుంచి ఏడింటికి షట్టరూ దిగింది, సర్వరూ ఆగింది.

నాలుగో రోజు, శుక్రవారం, కోట్లు కుట్టే దర్జీ మెడలో టేపు వేసుకుని వచ్చాడు.

"ఏమ్మా, ఫోన్లో కొట్టు పెట్టానని వీధంతా చాటారు. తెరిస్తే తెల్లటి తెర! నా కళ్లు పోయాయేమోనని మా ఆవిడను పిలిచి చూపించాను."

"ఎన్నింటికి చూశారు?"

"ఎనిమిదిన్నరకు. పగలంతా కత్తెరేగా చేతిలో. కోటు అయ్యాకే కదా గుండీ సంగతి. దర్జీలందరం అంతే."

"అప్పటికి ఆపేస్తాం."

"బొమ్మల పుస్తకానికి తాళం వేసినవాళ్లను మిమ్మల్నే చూశాను," అని నవ్వాడు దర్జీ. "పోనీ పగలు చూద్దామంటే, గుండీ పూర్తిగా కనపడేసరికి నా టీ చల్లారిపోయింది."

ఆమె ముఖం కందగడ్డయింది. ఒకరి ముందు నవ్వులపాలు కావడం ఆమెకు అలవాటు లేదు. రాత్రంతా ఆడించాలంటే ప్రాణం ఒప్పదు. ఆపితే, కావలసిన వేళకే కొట్టు కళ్లు మూసుకుంటుంది. సోమవారం రేకులు లేచాక ఆ కళ్లే దిక్కు.

మధ్యాహ్నం భోజనానికి లేస్తూ, రోజూలాగే నమూనా కార్డుల కట్ట తీసి బయట తలుపు కొక్కేనికి వేలాడదీసింది. ఆమె లోపల తింటున్నంతసేపూ వచ్చినవాళ్లు ఆ కార్డులు తిప్పి చూసుకుని, నచ్చిన నంబరు పలక మీద రాసి పోతారు. కొట్టు తెరిచిన నాటి నుంచీ అదే పద్ధతి. కొక్కెం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అమ్మాయ్!"

అన్నానికి వచ్చిన కోడలు చేతిలో ముద్దతోనే బయటికి వచ్చింది.

"ఈ కార్డు జనానికి చూపించడానికి నేనిక్కడ నిలబడాలా?"

"ఎందుకు అత్తయ్యా? కుట్టేసి ఉందిగా."

"మరి ఆ పేజీని మనిషి వచ్చినప్పుడల్లా కొత్తగా కుట్టడమేమిటి? నా గుండీలేమైనా గంటకో రంగు మారతాయా? ఒక్కసారి కుట్టి తగిలించెయ్యలేమా?"

"తగిలించొచ్చు," అంది కోడలు మెల్లగా. "తయారైన పేజీల్ని, ఫోటోల్ని ఫైళ్లుగా క్లౌడ్ స్టోరేజీలో పెడితే చాలు. సర్వర్‌తో పనే లేదు. నాకు మొదటే తట్టింది. అన్నయ్యగారు ఏమనుకుంటారోనని..."

"అందుకని నాలుగు రోజులూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? ఫోన్ కలుపు ఆయనకు."

అల్లుడు నవ్వాడు. "అది చిన్నపిల్లల ఆటండీ. రేపు పదివేల మంది ఒక్కసారే వస్తే?"

"ఫైళ్లయితే అప్పుడూ తట్టుకుంటాయి అన్నయ్యా," అంది కోడలు, ఈసారి గొంతు పెంచి. "ఒక కార్డును ఎంతమంది చూస్తే మాత్రం అరుగుతుందా?"

"మరి ఆర్డర్లు ఎవరు తీసుకుంటారు?"

"నాకు ఫోనుంది. నోరుంది," అంది గుండీలమ్మ.

"అది తెలుసండీ," అన్నాడు అల్లుడు.

చేతిలో రెండున్నర రోజులున్నాయి. కార్డులు రెండు వందల పన్నెండు. అల్లుడు తీయించిన ఫోటోలు గుండీ కన్నంలో దారప్పోగు కూడా లెక్కపెట్టేంత పెద్దవి. టీ చల్లారింది వాటి వల్లే. కోడలు ఒక్కొక్కటే కుదించింది. అత్తగారు పక్కనే స్టూలు మీద కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది.

"ఇది కొమ్ములా లేదు, ప్లాస్టిక్కులా ఉంది. చార పోయింది. పెంచు."

"బరువెక్కుతుంది అత్తయ్యా."

"చార కనపడేంతే పెంచు. అంతకుమించి నేనడిగానా?"

పైన కనపడే వరస మాత్రమే ముందు రావాలని, మిగతావి మనిషి కిందికి జరిపితేనే రావాలని కూడా ఆమే పట్టుబట్టింది. అడగని సొరుగు ఆమె ఏనాడూ లాగలేదు. ఆదివారం మధ్యాహ్నానికి కార్డులన్నీ ఎక్కాయి. కోడలు పట్టీ నకలొకటి ఇంట్లో దాచి, సర్వర్‌ను తీసేసింది.

"అయిపోయింది," అంది నడుం వాల్చబోతూ.

"చీపురు పెట్టావా?"

"దేనికి?"

"కొట్టు మూసేటప్పుడు నేను బల్ల కింద చెయ్యి పెట్టి తడమనూ? ఎప్పుడూ రెండు గుండీలు దొరుకుతాయి. చూడు."

కోడలు విసుక్కుంటూనే చూసింది. సర్వర్ పోయినా దాని డిస్కు అలాగే ఉంది. దానికోసం పట్టిపెట్టిన ఇంటర్నెట్ అడ్రసూ ఉంది. వారం నుంచి పోగుపడ్డ నకళ్లు మరో ఏడు. అన్నిటికీ అద్దె పడుతూనే ఉంది.

"అద్దెకున్నవాడు పోయాడు గానీ మంచం, పరుపు మన గదిలోనే ఉన్నాయన్నమాట," అంది గుండీలమ్మ. అన్నీ తీసేయించాకే కోడలిని లేవనిచ్చింది.

సోమవారం రేకులు లేచాయి. కొట్టులోకి వెలుతురు కూడా పక్కనుంచి అడిగి రావలసి వచ్చింది. ఆ రోజు ఒక్క మనిషి రాలేదు. గుండీలమ్మ సొరుగులన్నీ తుడిచింది, తుడిచినవే మళ్లీ తుడిచింది. ఏడింటికి షట్టరు దించి, ఫోన్ తెరిచి చూసింది. కార్డులన్నీ వరసగా ఉన్నాయి.

మంగళవారం పొద్దున్నే ఫోన్ మోగింది. ఎవరో కొత్త గొంతు, ఆడమనిషి. నాటకాలకు బట్టలు కుట్టిస్తుందట.

"అరవై మూడో కార్డండీ, రెండో వరస. కొమ్ము గుండీలు. ఇరవై నాలుగు దొరుకుతాయా? రాత్రి తొమ్మిదిన్నరకు మీ కార్డులన్నీ చూశాను."

"దొరుకుతాయి. అయితే వీధి తవ్వేశారు తల్లీ. చెక్క మీద నడవాలి."

"నడుస్తానండీ. వీటికోసం ఎన్ని కొట్లు తిరిగానో మీకు తెలీదు."

ఆమె నిజంగానే నడిచి వచ్చింది. వెనకాలే, మెడలో టేపుతో, దర్జీ. వారం తిరిగేసరికి చెక్కకు పట్టుకునేందుకు తాడు కట్టించమని గుండీలమ్మ తవ్వేవాళ్లతో పోట్లాడాల్సి వచ్చింది.

"ఎలా ఉంది అత్తయ్యగారూ?" అని అడిగాడు అల్లుడు ఫోన్లో.

"ఈగలు కూడా తాడు పట్టుకుని వస్తున్నాయి బాబూ."

ఏడయింది. ఆమె వెనక గది బల్బు ఆర్పి షట్టరు దించింది. కోడలు అలవాటుగా ఫోన్ చేతిలోకి తీసుకుని, ఆపడానికి ఏమీ లేదని గుర్తొచ్చి నవ్వింది.

"ఉండనీ," అంది గుండీలమ్మ తాళం తిప్పుతూ. "దర్జీలు ఇప్పుడే కత్తెర కింద పెట్టుంటారు."