మామకు చూపియ్యమన్న పీతపిల్ల

ఈ ఆదివారం షాద్‌నగర్ ఫ్యాక్టరీ నుంచి హాలియాలోని ఇంటికి వచ్చానో లేదో, మా మేనబావ నా ఫోన్‌కు ఒక ఫోటో పంపాడు. వాడి అరచేతిలో మినపగింజంత పీతపిల్ల. కింద ఒకటే మాట: ‘మామకు చూపియ్యి.’ మామ అంటే మా బాపు. నేను మూడుసార్లు చూశాను గానీ మధ్యాహ్నందాకా బాపుకు చూపలేదు. ఐదేళ్లయినా ఈ కడుపుమంటకు వయసు మళ్లలేదు.

అప్పట్లో ఇద్దరం చదువు ముగించి, సముద్రతీరాన ఒక పరిశోధన కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాం. సముద్రం ఇద్దరమూ చూడలేదు. ఇంటి దగ్గరే ఆలోచించి జవాబు రాసి పంపమని వాళ్లడిగిన ప్రశ్న ఇది: నది సముద్రంలో కలిసే చోట గుడ్డు నుంచి బయటపడ్డ పీతపిల్లలు, కంటికి ఆననంత చిన్నవి, వారాల తరబడి నీటిలో తిరిగి ఏ తీరంలో స్థిరపడతాయి? నేను పద్ధతిగా దిగాను. ప్రవాహవేగం, దిశ, గాలి, రోజులు అని నాలుగు వరుసలు గీశాను. అదీ చాలక సాగర్ కాలువలో గుప్పెడు పేలాలు చల్లి, వంతెన నుంచి వంతెనకు గడియారం చూసుకుంటూ పరుగెత్తాను. లెక్క తేలింది: అన్నీ దూరతీరానికి కొట్టుకుపోతాయి, పుట్టినచోట ఒక్కటీ మిగలదు.

హుజూర్‌నగర్ నుంచి వచ్చిన బావ మాత్రం రెండు రోజులు బాపు వెంట గొర్రెలు కాశాడు. లెక్కలు రాక తప్పించుకు తిరుగుతున్నాడని నవ్వుకున్నాను. కాలువలో మందకు నీళ్లు తాపుతూ వాడు అడిగాడట.

“మామా, గింత జోరుగ నీళ్లు పోతుంటే గా చాపపిల్లలు ఈడనే ఎట్లుంటున్నయి?”

“అవి పేలాలా అల్లుడా, నీళ్లెటు గుంజితే అటు పోనీకి? జోరెక్కువైతే అడుక్కు దిగుతయి, ఒడ్డుకు అంటుకుంటయి. తగ్గినంక పైకొస్తయి.”

బావ అక్కడి నుంచే మొదలుపెట్టాడు. సముద్రంలో పైనీరు ఒకవైపు, అడుగునీరు మరోవైపు పోవచ్చు. పిల్లలు వేళను బట్టి మునుగుతూ తేలుతూ రెండింటినీ వాడుకుంటాయి. కొన్ని దూరం పోయి పరాయి మందలో కలుస్తాయి, చాలామటుకు పుట్టిన తీరానికే తిరిగొస్తాయి. ఉద్యోగం వాడికే వచ్చింది.

“నాకెందుకు చెప్పలే బాపూ?” అని ఆ రోజు అరిచాను.

“నువ్వు అడిగినవా బిడ్డా? పేలాలెంబడి ఉరుకుతుంటివి.”

ఉద్యోగం రానందుకు కాదు, మా బాపు మాట వాడికి దొరికినందుకు నాకు ఇన్నాళ్ల మంట.

మధ్యాహ్నం ఫోన్ చేతికిచ్చాను. బాపు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

“గింతది గంత సముద్రం తిరిగొచ్చిందా? ఎట్లొచ్చిందో నువ్వన్నా జర చెప్పు.”

పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. కాలం నన్ను ఎటో లాక్కుపోయిందని ఐదేళ్లుగా అనుకుంటున్నాను. బాపుకూ నాకూ మధ్య ఈ రెండడుగుల దూరం అప్పుడూ ఇంతే ఉంది.